ఉన్నాడని వచ్చిన నోటీసు

1998. బెంగళూరు పాత పేటను ఆనుకొని ఉన్న ఒక సందులో, మెట్ల కింద జాగాలో నా టైపింగ్ షాపు ఉండేది. ఒక ఇంగ్లీషు మిషను, ఒక కన్నడ మిషను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు స్టూళ్ళు, అంతే. ఎదురుగా నాలుగంతస్తుల సర్కారు ఆఫీసు, మా మాటలో కచేరీ. దాని గేటులోంచి బయటికి వచ్చినవాళ్ళలో సగం మంది చేతిలో ఒక కాగితం పట్టుకొని, ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడేవాళ్ళు. ఆ కాసేపట్లో వాళ్ళ కంటికి ఆనితేనే మాకు బేరం.

మమ్మల్ని జాబ్ టైపిస్టులు అంటారు. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టి పేజీకి ఇంత అని తీసుకోవడమే మా పని అని చాలా మంది అనుకుంటారు. అలా కొడితే పూట గడవదు. వచ్చినవాళ్ళు కష్టమంతా వెళ్ళబోసుకుంటారు, అందులోంచి అర్జీకి పనికొచ్చే నాలుగు ముక్కలు ఏరి ఆఫీసరు చదివేలా పేర్చాలి. తెలుగులో విని కన్నడలో కొట్టే టైపిస్టులు ఆ సందులో తక్కువ. మగ్గాల వీధుల నుంచి, పూలమార్కెట్టు నుంచి మనవాళ్ళు నన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. నా చేతి మీదుగా పోయిన అర్జీ తిరిగి రాదని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఆ ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నే రత్నమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. మగ్గాలవాళ్ళ ఇంట్లో పట్టు కండెలు చుట్టే పని. వెంట కూతురు సరళ, పదిహేడేళ్ళది, గార్మెంట్ ఫ్యాక్టరీలో చేరి ఏడాది అయింది. కూతురి మొహం ముడుచుకొని ఉంది. తల్లి మొహం మాత్రం వెలిగిపోతోంది. సర్కారు నోటీసు పట్టుకొని అంత సంతోషంగా నా షాపుకు వచ్చిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

"అప్పా, నాకు ఒక అర్జీ కొట్టియ్యాల" అంది. "మా ఇంటాయప్ప యాడుండాడో అడ్రసు ఇమ్మని."

నోటీసు తీసుకొని చదివాను. ఆమె భర్త మునివెంకటప్ప ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరు. 1987లో ఒక పొద్దున మొదటి షిఫ్టుకని టిఫిన్ క్యారియర్ తీసుకొని బయలుదేరాడు, వర్క్‌షాపుకు చేరలేదు, ఇంటికి రాలేదు. రెండేళ్ళ తర్వాత రత్నమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. ఇప్పుడు ఆ పెన్షన్ కచేరీ వాళ్ళు రాసినదేమిటంటే: నీ భర్త జీవించి ఉన్నట్లు మా దృష్టికి వచ్చింది, కాబట్టి తొమ్మిదేళ్ళుగా నువ్వు తీసుకున్న అరవై నాలుగు వేల పైచిలుకు తిరిగి కట్టాలి, ఎందుకు కట్టనక్కరలేదో ముప్పై రోజుల్లో జవాబు చెప్పుకోవచ్చు. దీన్ని షోకాజ్ నోటీసు అంటారు, సంజాయిషీ అడిగే కాగితం. జవాబు సరిగ్గా లేకపోతే వసూలు ఆర్డరు వస్తుంది. పెన్షన్ ఆ నెల నుంచే నిలిపేశారు.

"ఇది అడ్రసు అడిగే కాగితం కాదమ్మా. దుడ్డు కట్టమంటా ఉండారు" అన్నాను.

"నేనూ అదే చెప్తా ఉండాను అంకుల్" అంది సరళ. "జీవించి ఉండాడు అని చదివినా చూడండి, ఇంగ ఆ తర్వాత ఏం చదివినా వినలే. ఆ దినం నుంచి మూడు పొద్దులా ముగ్గురికి వండుతా ఉండాది."

రత్నమ్మ సిగ్గుపడ్డట్టు నవ్వింది. "దుడ్డు సంగతి మళ్ళా చూద్దాంలే అప్పా. ఉండాడు అని ఊరికే రాయరు గదా? ఎవురో చూసిండాల గదా? యాడ చూసినారో అది అడిగితే సాలు."

ఎవరో చూశారన్న మాట ఆమెకు కొత్త కాదు. మొదట్లో మెజెస్టిక్ బస్టాండులో చూశామని ఒకరు చెప్పారట. ఇంకొకరు జిగణిలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో అలాంటి మనిషే ఉన్నాడన్నారట. ఈమె కూతుర్ని పక్కింట్లో వదిలి జిగణికి పోయి, మూడు రోజులు షిఫ్టు మారే వేళల్లో గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే ప్రతి మగవాడి మొహం చూసి తిరిగొచ్చింది. అవన్నీ నోటి మాటలు. ఇది సీలు పడి, సంతకం పడి వచ్చిన మాట. నమ్మడంలో ఆమె తప్పేముంది?

జవాబు రాయాలంటే వాళ్ళు దేన్ని పట్టుకొని ఆ మాట రాశారో తెలియాలి. అందుకే ముందు ఫైలు చూడాలి. కచేరీలో ఒక్కో ఫైలు ఒక్కో గుమాస్తా చేతిలో ఉంటుంది, అతన్ని కేస్ వర్కర్ అంటారు. ఈ కేస్ వర్కరు నాకు తెలిసినవాడే. నాలుగుసార్లు మెట్లెక్కాక, ఫైలు నా ముందుకు తోసి తను కాఫీకి పోయాడు.

అందులో రెండే కాగితాలు. ఒకటి, కిందటేడు కొత్త రేషన్ కార్డుల కోసం ఇంటింటికీ వచ్చి రాసుకున్న ఫారం నకలు. కుటుంబ యజమాని: మునివెంకటప్ప, వయసు నలభై ఐదు. కింద రత్నమ్మ వేలిముద్ర. పాత కార్డు నకలు కూడా దానికే గుచ్చి ఉంది. అందులో అతని వయసు ముప్పై ఎనిమిది. ఆ పాత కార్డు కూడా అతను వెళ్ళిపోయిన మూడేళ్ళకు ఇచ్చిందే. ఎక్కడున్నాడో తెలియని మనిషికి ఈమె ఇంట్లో కూర్చొని ఏటేటా ఒక్కో ఏడు కలుపుకుంటూ వచ్చిందన్నమాట.

రెండోది, ఆ ఫారం చూసి అనుమానం వచ్చి వాళ్ళింటికి పోయిన ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టు. "పెన్షనుదారు నుదుట కుంకుమ, మెడలో తాళి, కాళ్ళకు మెట్టెలు ఉన్నవి. గడప వద్ద మగవారి చెప్పులు ఉన్నవి. కావున భర్త జీవించి ఉన్నట్లు, కుటుంబముతో సంబంధములో ఉన్నట్లు భావించవచ్చును."

నాకు ఒళ్ళు మండింది. ఆ ఇన్‌స్పెక్టరు మన దేశంలో పుట్టలేదా? భర్త కనబడకుండా పోతే ఏ ఆడది కుంకుమ చెరుపుకుంటుంది? శవం చూడలేదు, కర్మ చేయలేదు, ఎవరొచ్చి ఆమె మెట్టెలు తీయాలి? మగదిక్కు లేని ఇంట్లో గడప దగ్గర మగ చెప్పులు పెట్టేది లోపల మగవాడున్నాడని దారినపోయేవాళ్ళు అనుకోవడానికేనని పేటలో చిన్న పిల్లనడిగినా చెబుతుంది. ఇదంతా తిట్టుకుంటూనే లోపల సంబరపడ్డాను. ఈ సాక్ష్యం రెండు పేరాల్లో కొట్టుకుపోతుంది. కేసు గెలిచినట్టే.

షాపుకు వచ్చి ఆ సంబరంతోనే చెప్పాను. రత్నమ్మ స్టూలు మీద కూర్చొని విన్నది.

"అంటే అప్పా," అంది చివరికి, "వాళ్ళు ఆయప్పను చూల్లేదా?"

"చూల్లేదమ్మా. నువ్వు రేషన్ కార్డోళ్ళకు చెప్పింది చూసినారు."

"నేను చెప్పింది."

"ఊఁ. నువ్వు చెప్పిందే."

ఆమె చేతిలో మడిచి పట్టుకున్న నోటీసును విప్పి, చదవను రాకపోయినా చూసింది. పదకొండేళ్ళకు తన మనిషి కబురు వచ్చిందని రెండు వారాలకు పైగా ముగ్గురికి వండిన మనిషి. ఆ కబురు తన నోట్లోంచి బయలుదేరి, రెండు కచేరీలు తిరిగి, మళ్ళీ తన ఇంటికే వచ్చిందని అప్పుడు అర్థమైంది. చెప్పిన తీరుకు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. తెలిసిన వార్తను ఎగురుకుంటూ వచ్చి చెప్పడం నాకున్న చెడ్డ గుణం.

కానీ గడువు ఆగదు. పన్నెండు రోజులే మిగిలాయి. రెండు రోజులు పోయాక వాళ్ళను పిలిచి జవాబు చదివి వినిపించాను. ఇలాంటి వాటికి నా దగ్గర ఒక వరస ఉండేది: అర్జీదారు చదువు లేనిది, తెలియక పొరపాటున భర్త పేరు రాయించింది, క్షమించవలెను. ఆఫీసర్లకు క్షమించడం ఇష్టం. ఆ అవకాశం మనమే ఇస్తే పని తొందరగా అవుతుంది.

"పొరపాటు అని రాయొద్దప్పా" అంది రత్నమ్మ.

"మరేం రాసేది?"

"పొరపాటున చెప్పలే. తెలిసే చెప్పినాను. ఇంట్లో ఎవురెవురుండారు అని అడిగినారు. ఆయప్ప పేరు విడిచిపెట్టి చెప్పేకి నాకు నోరు రాలే. పాత కార్డు చూపించి ఇట్లే రాసుకో నాయనా అన్నాను. ఏండ్లు మాత్రం నేనే చెప్పినాను."

"అమ్మా!" అంది సరళ. "అంకుల్ చెప్పినట్ల రాయనీ. కట్టమంటే యాడినుంచి తెచ్చి కడతాం? ఇల్లు ఖాళీ చేసి రోడ్డు మీద కూర్చోవాల్సిందే."

"కూర్చుందాంలే."

"నువ్వు కూర్చుంటావు. నేనేం చేసేది? నాయన నన్ను ఎత్తుకొనింది కూడా నాకు గ్యాపకం లేదు. ఆ నాయన కోసం నేను కూడా రోడ్డు మీద కూర్చోవాల్నా?"

ఆ మాటకు తల్లి తల దించుకుంది. నేను ఓపిక పట్టి ఉండాల్సింది. పట్టలేదు. ఒంటికాలి మీద లేచాను. "చూడు రత్నమ్మా, కచేరీవాళ్ళకు కావాల్సింది ఒక్కటే మాట. ఆయప్ప బతికుండాడా, లేడా? ఉండాడంటే దుడ్డు కట్టు. లేడంటే లేడని రాస్తాను, వేలిముద్ర వెయ్యి. రెండూ కాదంటే నేనేం కొట్టేది?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "అది నాకు తెలిసింటే," అంది, "నీ దగ్గరికి ఎందుకొస్తానప్పా?"

ఆ సాయంత్రం షాపు మూశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. తెలియదు అన్న ఒక్క మాట తప్ప ఆమె దగ్గర ఏ సాక్ష్యమూ లేదు. తెలియదు అన్న మాటతో అర్జీ ఎలా గెలుస్తుంది? మర్నాడు పొద్దున ఆమె తెచ్చి ఇచ్చిన పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి కూర్చున్నాను. అందులో పెన్షన్ మంజూరు చేసిన 1989 నాటి శాంక్షన్ ఆర్డరు ఉంది. సిగ్గులేకుండా ఒప్పుకుంటాను, అప్పటిదాకా నేను దాన్ని చదవలేదు. ఫ్యామిలీ పెన్షన్ అంటే చనిపోయినవాళ్ళ ఇంటికి ఇచ్చేది అన్న లెక్కలోనే ఉన్నాను.

ఆ ఆర్డరులో చనిపోయాడు అన్న మాట ఎక్కడా లేదు. ఉద్యోగి కనబడకుండా పోతే, పోలీసులు వెతికి పత్తా లేదని రిపోర్టు ఇస్తే, భార్యకు పెన్షన్ ఇవ్వవచ్చని ఒక నిబంధన ఉంది. దీనికి భార్య ఒక బాండు రాసివ్వాలి: అతను తిరిగి వస్తే వెంటనే తెలియజేస్తాను, తీసుకున్నది సర్దుబాటు చేసుకోవచ్చు అని. రత్నమ్మ ఆ బాండు రాసిచ్చింది. అంటే సర్కారు కూడా అతను చనిపోయాడని ఎన్నడూ అనలేదు. తెలియదు అనే అంది. తెలియదు అనుకుంటూనే తొమ్మిదేళ్ళు డబ్బిచ్చింది. కాబట్టి ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఉన్నాడా లేడా అన్నది కానే కాదు. వచ్చాడా, రాలేదా? అంతే.

జవాబు మళ్ళీ మొదట్నుంచీ కొట్టాను. క్షమాపణ లేదు, పొరపాటు లేదు. అర్జీదారు భర్త 1987లో వెళ్ళాడు, ఇంతవరకు రాలేదు. వెళ్ళినవాడు తిరిగి వస్తాడని పేరు ఉంచింది. రాలేదు కనుక పెన్షన్ తీసుకుంది. పోలీస్ స్టేషనుకు మూడుసార్లు తిరిగితే, ఇప్పటికీ పత్తా లేదని అక్కడ రాతపని చూసే రైటరు ఒక కాగితం ఇచ్చాడు. అది జతచేశాం. రత్నమ్మకు చదివి వినిపిస్తే, "ఇట్ల సరిగ్గా ఉండాది" అని వేలిముద్ర వేసింది.

పదిహేను రోజులకు పర్సనల్ హియరింగుకు రమ్మన్నారు, అంటే ఆఫీసరు ముందు నిలబడి నోటితో చెప్పుకోవడం. టైపిస్టులకు లోపల పని లేదు. కానీ ఆమెకు కన్నడ మాటలు తడబడతాయని చెప్పి నేనూ దూరాను. ఆఫీసరు కోలారు వైపు మనిషి. రెండు నిమిషాల్లో తెలుగులోకి దిగాడు. నేను అనవసరంగా వచ్చినట్టయింది.

"భర్త పేరేమమ్మా?"

రత్నమ్మ కూతురి వైపు చూసింది. సరళ చెప్పింది. ఆ కాలం ఆడవాళ్ళు పెనిమిటి పేరు నోట పలకరు. ఆఫీసరుకూ ఆ సంగతి తెలుసేమో, రాసుకున్నాడు.

"జవాబు చదివినాను. ఒకటి చెప్పు. ఇంట్లో లేని మనిషిని సర్కారు కాగితంలో ఉండాడని రాయించడం తప్పు కాదా?"

ఆమె తప్పే అంటే కేసు పోయినట్టే. తప్పు కాదంటే ఆయనకు కోపం రావచ్చు.

"సామీ," అంది రత్నమ్మ, "మీ కాగితంలో ఆయప్ప చచ్చిపోయినాడని రాసిండారా?"

ఆయన ఫైలు తిప్పాడు. "లేదు."

"మీరంత పెద్దోళ్ళు, పోలీసుల్ని పంపించి ఎదికినోళ్ళు. మీరే రాయలే. కట్టుకున్నదాన్ని, నేనెట్ల రాయించేది సామీ? వచ్చినాడంటే ఆ దినమే పిల్చుకొని నేనే మీ దగ్గరికి వస్తాను. పింఛను నిలిపేయండి, ఇచ్చిందంతా పట్టుకోండి. ఆ దినం కోసమే గదా నేను చూస్తా ఉండేది."

ఆఫీసరు ఫైలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత సరళను ఏం పని చేస్తున్నావని అడిగాడు, షిఫ్టు ఎన్ని గంటలకని అడిగాడు. కేసుకు సంబంధం లేని ప్రశ్నలు. మేం మెట్లు దిగేటప్పుడు సరళ తల్లి చెయ్యి పట్టుకొని ఉంది. లోపలికి పోయేటప్పుడు పట్టుకోలేదు.

ఆర్డరు దీపావళికి ముందు వచ్చింది. సరళ పరిగెత్తుకుంటూ షాపుకు తెచ్చింది, వెనకాల రత్నమ్మ నెమ్మదిగా వచ్చింది. నేను గొంతు సవరించుకొని, కన్నడలో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివాను. సదరు మునివెంకటప్ప జీవించి ఉన్నట్లు ఎట్టి ఆధారమూ లేదు. కావున ఫలానా తేదీ నోటీసును రద్దు చేయడమైనది. నిలిపిన పెన్షన్ బకాయితో సహా ఇవ్వవలెను.

సరళ నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఏడ్చేసింది. నేను హోటలు కుర్రాణ్ణి కేకేసి మూడు కాఫీలు చెప్పాను. నా చేతి మీదుగా పోయింది తిరిగి రాదని సందంతా వినబడేలా మళ్ళీ ఒకసారి అన్నాను.

"అప్పా, ఆ మొదటి మాట ఇంగొక తూరి చదువు" అంది రత్నమ్మ.

చదివాను. జీవించి ఉన్నట్లు ఎట్టి ఆధారమూ లేదు.

"అయితే ఉండాడని రాసిన కాగితం?"

"అది రద్దయిపోయిందమ్మా. ఇంగ చెల్లదు. భయపడొద్దు."

"భయానికి అడగలేదప్పా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ పదకొండేండ్లలో ఆయప్ప ఉండాడని రాసినోళ్ళు వాళ్ళొక్కరే. తప్పుగా రాసినా సరే, రాసినారు. ఆ కాగితం వచ్చినంక గడప కాడ అడుగు సప్పుడైతే సాలు, లేచి నిలబడతా ఉంటిని. అవి ఎంత మంచి దినాలో నీకెట్ల చెప్పేది?"

కాఫీలు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"ఆ కాగితం నాకు ఇచ్చేయప్పా" అంది. "చెల్లకపోతే వాళ్ళకేం పని దాంతో?"

ఒరిజినల్ నోటీసు నా దగ్గరే, జవాబు కాపీకి గుచ్చి ఉంది. గుండుసూది తీసి ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. గెలిచిన ఆర్డరు బల్ల మీదే ఉండిపోతే సరళ తీసుకుంది.

ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు ఆ మెట్ల కింద కూర్చున్నాను. వసూలు నోటీసులు చాలా చూశాను, వాటిలో చాలా వాటికి జవాబులు కొట్టి గెలిపించాను. సర్కారు రాసింది అబద్ధమని రుజువు చేస్తే మనిషికి మేలు చేసినట్టేనని రత్నమ్మ వచ్చేదాకా నాకు గట్టి నమ్మకం. ఆమె తర్వాత ఎవరు నోటీసు తెచ్చినా, ఇందులో నిజమైతే బాగుండునని మీకనిపించింది ఏదైనా ఉందా అని ముందు అడిగేవాణ్ణి. చాలా మంది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. పర్వాలేదు, అడగడం మానలేదు. గెలిపించినందుకు క్షమాపణ చెప్పుకోవాలనిపించిన కేసు నా సర్వీసులో అదొక్కటే, ఆ చెప్పడం కూడా నాకు చేతకాలేదు.